గ్రోత్ స్కాన్‌లో బిడ్డ పొట్ట రెండు వారాలు వెనకబడి, మూత్రపిండంలో నీరు కనిపిస్తే ఏమనుకోవాలి?

ప్రశ్న: "నాకు 26 ఏళ్లు, తొలి కాన్పు. ఇప్పుడు 32 వారాల 1 రోజు. మూడో నెల స్కానింగ్‌లో బిడ్డ పొడవు 58 మిల్లీమీటర్లు, అంటే 12 వారాల 2 రోజులు అన్నారు. నా నెలసరి లెక్కతో సరిపోయింది. టిఫాలో (ఐదో నెలలో అవయవాలన్నీ చూసే స్కానింగ్‌లో) కుడి మూత్రపిండంలో 5 మిల్లీమీటర్ల నీరు తప్ప అంతా బాగుందన్నారు. నిన్న వేరేచోట గ్రోత్ స్కాన్ చేయించాం. తల చుట్టుకొలత 293 మిల్లీమీటర్లు (32 వారాల 2 రోజులు), పొట్ట 260 (30 వారాల 1 రోజు), తొడ ఎముక 60 (31 వారాల 2 రోజులు), బరువు 1650 గ్రాములు. కుడి మూత్రపిండంలో నీరు 8 మిల్లీమీటర్లు, ఎడమవైపు 4. ఉమ్మనీరు సరిపడా ఉందట. ప్రసవ తేదీ మాత్రం ఐదు రోజులు ఆలస్యంగా చూపిస్తోంది. బిడ్డకు పొట్ట ఎదగలేదని, మూత్రపిండం ఉబ్బిందని ఇంట్లో అందరూ బెంగ పెట్టుకున్నారు. అవయవాల సైజు స్కానింగ్‌లో ఇంత కచ్చితంగా తెలుస్తుందా? వారం తర్వాత మళ్లీ చేయించమంటారా డాక్టర్ గారూ?"

అమ్మా, మీరు అంకెలన్నీ మిల్లీమీటర్లతో సహా రాయడం వల్ల నాకు ఎంతో మేలయింది. చాలామంది "బేబీ చిన్నగా ఉందన్నారు" అని మాత్రమే రాస్తారు, దాని మీద ఏమీ చెప్పలేం.

ముందు మూడు విషయాలు చెప్పేస్తాను, రాత్రికి కాస్త నిద్రపడుతుంది. మీ ప్రసవ తేదీ మారలేదు. మూత్రపిండం పాడైందనడానికి మీరు రాసినదాంట్లో ఆధారం ఏదీ లేదు. పొట్ట కొలతను మాత్రం వదిలేయకూడదు. దానికి ఈ వారంలోనే ఒక పరీక్ష, మూడు వారాల తర్వాత ఇంకొకటి కావాలి. ఎందుకో ఇప్పుడు వివరంగా చెబుతాను. నేను విజయవాడలో ఇరవై రెండేళ్లుగా గర్భిణులకు స్కానింగ్ చేస్తున్నాను. మీ నివేదికలాంటివి వారానికి ఎన్నో చూస్తాను.

తేదీతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా కొలతలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. మూడో నెలలో బిడ్డను తల నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. ఆ వయసులో ఎవరి బిడ్డయినా దాదాపు ఒకే తీరున పెరుగుతుంది. తల్లి పొట్టిదైనా పొడగరి అయినా, ఖమ్మంలో ఉన్నా కెనడాలో ఉన్నా పెద్ద తేడా రాదు. అందుకే ఆ కొలతతో చెప్పిన తేదీ ఐదు నుంచి ఏడు రోజుల తేడాలోనే ఉంటుంది. నెలలు నిండేకొద్దీ ఏ బిడ్డ ఒడ్డూపొడుగూ ఆ బిడ్డవి. ఎనిమిదో నెలలో సైజు చూసి వయసు చెబితే మూడు వారాలు అటో ఇటో తప్పవచ్చు. నిన్నటి యంత్రం చేసిందల్లా తల, పొట్ట, తొడ ఎముక కొలతలు ఒక్కోటీ ఎన్ని వారాలకు సరిపోతాయో చూసి, సగటు కట్టి, ఆ సగటు నుంచి ప్రసవ తేదీ లెక్కగట్టడం. ఆ పని యంత్రం దానంతట అదే చేస్తుంది. మీ 12 వారాల స్కానింగ్ దానికి తెలియదు. ఆ తేదీని ఎవరూ నిర్ణయించలేదు, అచ్చయిందంతే.

దీని గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నా మనసులోంచి పోని ఒక తల్లి ఉంది. 37 వారాలప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఫైలులో నాలుగు నివేదికలు, నాలుగు ప్రసవ తేదీలు. ప్రతి స్కానింగ్‌లోనూ బిడ్డ కొంచెం చిన్నగా కనిపించింది. ప్రతిసారీ ఎవరో ఒకరు పాత తేదీ కొట్టేసి, యంత్రం చూపించిన కొత్త తేదీ రాశారు. కాబట్టి కాగితం మీద ఆ బిడ్డ ఎప్పుడూ వయసుకు తగ్గ సైజులోనే ఉంది. మూడో నెల నాటి మొదటి నివేదిక తీసి లెక్క వేసేసరికి పదో పర్సంటైల్ కాదు, మూడో పర్సంటైల్ కన్నా కింద ఉంది, అంటే ఆ వయసు బిడ్డలు వందమందిలో అందరికన్నా చిన్నవాళ్లు ముగ్గురిలో ఒకటి. బిడ్డకు ఆహారం అందించే మాయ ఎన్ని వారాలుగా సరిగ్గా పనిచేయడం లేదో! ఆ బిడ్డ బతికింది. కానీ నెలన్నర ముందే తెలియవలసిన సంగతి అది. అందుకే మీ 12 వారాల నివేదికను ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. ప్రసవ తేదీ దాంట్లోదే. ఇకపై ఎవరు స్కానింగ్ చేసినా ఆ తేదీతోనే లెక్క కట్టమని చెప్పండి. తల్లి ఆ మాట అడిగితే మంచి డాక్టర్ ఎవరూ తప్పుపట్టరు.

ఇక కొలత ఎంత కచ్చితం అన్నారు. నిజానికి యంత్రం పొడవును నేరుగా కొలవదు, సమయాన్ని కొలుస్తుంది. పొట్ట మీద ఆనించే ప్రోబ్ నుంచి చెవికి వినిపించని ధ్వని వెళుతుంది, బిడ్డ ఎముకకో కాలేయపు అంచుకో తగిలి వెనక్కి వస్తుంది. మెత్తటి శరీరంలో ధ్వని సెకనుకు 1540 మీటర్లు ప్రయాణిస్తుందని యంత్రంలో ముందే పెట్టి ఉంచుతారు. పోయి వచ్చిన సమయాన్ని ఆ వేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. ధ్వని పోయే దారి వెంట ఉన్న అంచులు పదునుగా కనిపిస్తాయి, దానికి అడ్డంగా ఉన్నవి కొంచెం అలుక్కుపోయినట్లు ఉంటాయి. యంత్రం వల్ల వచ్చే పొరపాటు చాలా కొంచెమే. అసలు తేడా ఎక్కడొస్తుందంటే, బిడ్డను ఏ మట్టంలో, ఏ కోణంలో చూసి గుర్తులు పెట్టామన్న దగ్గర.

పొట్ట కొలత సంగతే చూడండి. దోసకాయను అడ్డంగా కోస్తే గుండ్రటి చక్రం వస్తుంది. కత్తి కాస్త ఏటవాలుగా పడిందా, చక్రం కోలగా సాగుతుంది, చుట్టుకొలత పెరుగుతుంది. బిడ్డ పొట్టా అంతే. సరైన మట్టం దొరికితే తెర మీద గుండ్రటి బొమ్మ వస్తుంది. ఒక పక్కన నల్లటి చుక్కలా జీర్ణాశయం, మధ్యలో కాలేయం లోపల కొక్కెంలా వంగిన బొడ్డు సిర, వెనక వెన్నుపూస తాలూకు తెల్లటి మెరుపులు, రెండు వైపులా ఒక్కో పక్కటెముక. గుండె కనిపించిందంటే పైకి పోయినట్టు, మూత్రపిండాలు కనిపించాయంటే కిందికి జారినట్టు. బిడ్డ బోర్లా పడుకుని ఉంటే వెన్నెముక నీడ పడి సగం బొమ్మ చీకటిగా ఉంటుంది. తల్లిని లేచి కాసేపు నడిచి రమ్మనవలసిందే.

నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి బొమ్మ ఆపి, గుర్తులు పెట్టి, అంకె చదివాను. వెనక నిలబడ్డ మా మేడమ్ ఏమీ అనలేదు. నా మణికట్టు పట్టుకుని నూలు పోగంత తిప్పారు. నేను గమనించని మూత్రపిండపు అంచు తెర మీద నుంచి మాయమైంది, బొమ్మ గుండ్రంగా సర్దుకుంది. మళ్లీ కొలిస్తే 14 మిల్లీమీటర్లు తగ్గింది. తల్లి కదల్లేదు, బిడ్డ కదల్లేదు, చేయి ఒక్కటే కదిలింది. ఆ 14 మిల్లీమీటర్లు మీ బిడ్డ లెక్కలో వేసి చూస్తే ఏమవుతుందో చెబుతాను: తల, తొడ ఎముక అవే ఉంచి పొట్టను 260 బదులు 274 చేస్తే బరువు 1650 నుంచి సుమారు 1785 గ్రాములకు పెరుగుతుంది. నివేదికలో ఇంకే అక్షరం మారకుండానే మీ ఇంట్లో బెంగ సగం తగ్గిపోయేది. ఇది వ్యతిరేక దిశలోనూ జరగవచ్చని మరిచిపోకండి. చిన్న బిడ్డను పెద్దగా చూపించి ధైర్యం చెప్పే కొలత ఇంకా ప్రమాదం.

కాబట్టి మొదటి పని: మీ నివేదికతో ఇచ్చిన ఫోటోల్లో పొట్ట బొమ్మ చూడండి. గుండ్రంగా ఉందా, కోలగా ఉందా? దీన్ని మీరూ పోల్చుకోగలరు. కోలగా ఉంటే మీ డాక్టర్ గారికి చూపించి, సరైన మట్టంలో మళ్లీ కొలిపించమని అడగండి.

బొమ్మ బాగానే ఉందనుకుందాం. అప్పుడు పొట్ట వెనకబడడం దేన్ని చెబుతుంది? పొట్ట చుట్టుకొలత అనగానే బిడ్డ తిండి, పేగులు అనుకుంటారు చాలామంది. ఆ మట్టంలో ఎక్కువ చోటు ఆక్రమించేది కాలేయం. మేము కొలిచేది చాలావరకు కాలేయాన్నీ, చర్మం కింది కొవ్వునూ. బిడ్డ రేపటి కోసం చక్కెరను నిల్వ చేసుకునేది కాలేయంలోనే. మాయ నుంచి ఆహారం తగ్గితే బిడ్డ శరీరం ఇంటి పెద్దలా ప్రవర్తిస్తుంది: మెదడుకు రక్తం తగ్గనివ్వదు, కాలేయంలోని నిల్వ ఖర్చు పెడుతుంది. తల పెరుగుతూనే ఉంటుంది, పొట్ట ఆగుతుంది. తల్లికి చక్కెర వ్యాధి ఉండి అదుపులో లేకపోతే దీనికి తలకిందులు. తల మామూలుగా, పొట్ట మాత్రం వారాలు ముందుకు. కడుపులో బిడ్డ ఏం తింటోందో చెప్పడానికి ఇంతకన్నా సూటి అయిన కొలత మా దగ్గర లేదు. మీ బిడ్డకు తల 32 వారాల మీద, పొట్ట 30 మీద ఉండడాన్ని అందుకే నేను తేలిగ్గా తీసుకోను.

అలాగని ఇదే జబ్బు అని కూడా అనను. 32 వారాల 1 రోజుకు 1650 గ్రాములంటే, ఎక్కువమంది వాడే హాడ్లాక్ పట్టిక ప్రకారం పదో పర్సంటైల్ అంచున ఉంది. పర్సంటైల్ అంటే మన పిల్లల ప్రవేశ పరీక్షల్లో ఉన్నట్లు ఎంత ఎక్కువైతే అంత గొప్ప అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఒకే వయసున్న వంద మంది బిడ్డలను సైజువారీగా వరుసలో నిలబెడితే చిన్నవైపు నుంచి మీ బిడ్డ సుమారు పదోది. ఆ వరుసలో చివరి పది మందిలో ఎక్కువమంది పుట్టుకతో చిన్నగా ఉండే ఆరోగ్యవంతులే. తల్లిదండ్రులిద్దరూ సన్నగా, పొట్టిగా ఉంటే బిడ్డ తొంభయ్యో స్థానంలో ఉండాలని ఎందుకు కోరుకోవాలి? మీ ఎత్తు, బరువు, మీవారి ఒడ్డూపొడుగూ రాయలేదు. అవి మీ డాక్టర్ గారికి చెప్పండి. తొడ ఎముక ఆరు రోజులు తక్కువ చూపించడాన్ని అసలు లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

బరువు గురించి ఒక ముఖ్యమైన మాట. స్కానింగ్‌లో బిడ్డను తూకం వేయడం లేదు. 1980లలో హ్యూస్టన్‌లో ఫ్రాంక్ హాడ్లాక్ బృందం తల, పొట్ట, తొడ ఎముక కొలతల నుంచి బరువు అంచనా కట్టే సూత్రాలు తయారు చేసింది. మన స్కానింగ్ గదుల్లో ఈనాటికీ ఎక్కువగా నడుస్తున్నవి అవే. ఎంత జాగ్రత్తగా చేసినా వాటిలో 15 శాతం దాకా తేడా రావచ్చు. అంటే మీ బిడ్డ అసలు బరువు 1400 నుంచి 1900 గ్రాముల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. చివరి అంకె దాకా చదివి, పోయినసారి కన్నా నలభై గ్రాములు తగ్గిందని ఏడ్చేవారిని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పట్టిక కూడా చూడాలి. హాడ్లాక్ పట్టిక అమెరికాలో ఒకచోట తయారైంది. 2014లో వచ్చిన ఇంటర్‌గ్రోత్-21 పట్టికల కోసం ఎనిమిది దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న తల్లులను మొదటి నుంచి చివరి దాకా కొలిచారు. అందులో మన దేశం నుంచి నాగ్‌పూర్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో విడుదల చేసిన పట్టికలోనూ భారత్ ఉంది. ఒకే బిడ్డ, ఒకే కొలత, మూడు పట్టికల్లో మూడు పర్సంటైల్స్ రావచ్చు. మీరు టిఫా ఒకచోట, గ్రోత్ స్కాన్ ఇంకోచోట చేయించారు కాబట్టి, రెండు నివేదికల్లోని పర్సంటైల్స్‌ను పక్కపక్కన పెట్టి పోల్చకండి. వీలైతే ఇక్కడి నుంచి ఒకేచోట, ఒకే పట్టికతో చేయించుకోండి.

మీరు అడిగిన "వారం తర్వాత మళ్లీ" అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. ఈ నెలల్లో పొట్ట చుట్టుకొలత వారానికి సుమారు 9, 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇద్దరు మంచి డాక్టర్లు ఒకే రోజు ఒకే బిడ్డను కొలిచినా అంత తేడా వస్తుంది. వారానికే చూస్తే పెరుగుదల ఏదో, చేతి తేడా ఏదో విడదీయలేం. బాగా పెరుగుతున్న బిడ్డ ఆగిపోయినట్లు, ఆగిపోయిన బిడ్డ పెరిగినట్లు కనిపిస్తాయి. మూడు వారాల ఎడం ఇస్తే 25 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా పెరగాలి. అది చేతి తేడాకు లొంగని అంకె. 35 వారాలకు మీ బిడ్డ పొట్ట 285, 290 దగ్గరికి వస్తే తన దారిన తాను నడుస్తోందన్నమాట, పదో స్థానంలోనే ఉన్నా సరే. 270 దగ్గరే ఉండిపోతే అది వేరే కథ.

అయితే ఈ మూడు వారాలూ ఊరికే కూర్చోమని కాదు. ఈ వారంలోనే డాప్లర్ చేయించండి, మీ నివేదికలో అది లేదు. బొడ్డుతాడులోని ధమనిలో రక్తం ఎంత సులువుగా పారుతోందో, బిడ్డ మెదడుకు పోయే రక్తనాళంలో ప్రవాహం ఎలా ఉందో అది చూపిస్తుంది. మాయలో అడ్డంకి ఉంటే బొడ్డుతాడు ధమనిలో గుండె కొట్టుకోవడానికి, కొట్టుకోవడానికి మధ్య ప్రవాహం సన్నబడుతుంది. తీవ్రమైతే ఆగిపోతుంది, ఇంకా ముదిరితే వెనక్కి మళ్లుతుంది. సైజు చిన్నగా ఉండి డాప్లర్ బాగుంటే చిన్న బిడ్డ అని ఊపిరి పీల్చుకుంటాం. సైజు చిన్నగా ఉండి డాప్లర్ కూడా తేడాగా ఉంటే ఎదుగుదల ఆగిన బిడ్డ అని జాగ్రత్త పడతాం, అప్పుడు మూడు వారాల గడువు ఉండదు. మీ డాక్టర్ గారు చెప్పినంత దగ్గర దగ్గరగా చూస్తారు. దాంతోపాటు రక్తపోటు చూపించుకోండి. మాయ వల్ల బిడ్డ ఎదుగుదల ఆగడానికీ, తల్లికి రక్తపోటు పెరగడానికీ చాలాసార్లు మూలం ఒకటే.

బిడ్డ కదలికలను మీకన్నా బాగా కొలిచే యంత్రం లేదు. రోజూ ఉండే తీరుకన్నా తగ్గాయనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. పొట్ట పెరగడానికి పౌడర్లు, అమైనో ఆమ్లాల సెలైన్లు ఎక్కించడం మన దగ్గర బాగా అలవాటు. వాటితో బిడ్డ బరువు పెరుగుతుందని నమ్మదగిన రుజువు లేదు. రోజంతా మంచం మీద పడుకోబెట్టడం వల్ల కూడా బిడ్డ పెరగదు, పైగా తల్లి కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. బిడ్డ పెద్దదైతే ఆపరేషన్ అవుతుందని కోడలికి అన్నం తగ్గించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మీ అత్తగారింట్లో అలాంటి మాట ఉంటే నా పేరు చెప్పి ఆపండి. మామూలుగా, కడుపునిండా, పప్పూ గుడ్డూ పాలూ కూరలతో తినండి. ఐరన్ మాత్ర మానకండి.

ఇక మూత్రపిండం. "నీరు చేరింది" అన్న మాటే మనుషులను భయపెడుతుంది. బిడ్డ మూత్రపిండంలో తయారైన మూత్రం కిందికి జారేముందు గరాటులాంటి ఒక భాగంలో చేరుతుంది. ఆ గరాటు వెడల్పు మీకు చెప్పిన 8 మిల్లీమీటర్లు. అది జబ్బు నీరు కాదు, బిడ్డ మూత్రమే. దాన్ని కొలిచేటప్పుడు బిడ్డ వెన్నెముక ప్రోబ్‌కు నిటారుగా పైకో కిందికో ఉండాలి. బిడ్డను అడ్డంగా కోసినట్లు చూసి, మూత్రపిండం లోపలే, ముందు నుంచి వెనక్కి కొలవాలి. పక్క నుంచి కొలిచినా, గరాటు మూత్రపిండం దాటి బయటికి వచ్చినచోట కొలిచినా అంకె మారుతుంది. బిడ్డ మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు ఒక రకంగా, పోసేశాక ఇంకో రకంగా ఉంటుంది. కాబట్టి ఒక్కసారి చూసి తేల్చం.

27 వారాల దాకా ఆ గరాటు 4 మిల్లీమీటర్లలోపు, 28 వారాలు దాటాక 7 మిల్లీమీటర్లలోపు ఉంటే మామూలు. టిఫాలో మీది 5, ఇప్పుడు 8. రెండుసార్లూ గీతకు కొద్దిగా పైన. 5 నుంచి 8కి పెరిగిందని మీరు లెక్కవేసుకున్నారు. బిడ్డ ఎంత పెరిగిందో కూడా లెక్కలోకి తీసుకోండి, మూత్రపిండం కూడా దాంతోపాటు పొడవైంది. 28 వారాల తర్వాత 7 నుంచి 10 లోపు ఉండి, మిగతా అంతా బాగుంటే స్వల్పమైన ఉబ్బు కిందే లెక్క. ఇలాంటివాటిలో ఎక్కువభాగం పుట్టాక తమంతట తామే సర్దుకుంటాయి. 10 దాటితే, లోపలి చిన్న గిన్నెలు కూడా విచ్చుకుంటే, మూత్రపిండపు కండ పలచబడితే, మూత్రనాళం కనిపిస్తే, మూత్రాశయం గోడ మందంగా ఉంటే, ఉమ్మనీరు తగ్గితే అప్పుడు ఆందోళన. ఉమ్మనీరు ఈ నెలల్లో చాలావరకు బిడ్డ మూత్రమే. మీకు ఉమ్మనీరు సరిపడా ఉంది, అంటే మూత్రం తయారవుతోంది, బయటికి వస్తోంది. ఇది అంకెకన్నా పెద్ద శుభవార్త. మిగతా నాలుగు సంగతులు నివేదికలో రాశారో లేదో చూడండి. లేకపోతే డాప్లర్ రోజునే చూసి రాయమని అడగండి.

ఈ ఉబ్బు మగపిల్లల్లో ఎక్కువని ఎక్కడో చదివి, "అయితే మగబిడ్డేనా" అని అడిగేవారున్నారు. 1994 చట్టం ప్రకారం అది చెప్పడం నేరం, అడగడమూ తగదు. వైద్యానికి కావలసినది మేము చూసుకుంటాం.

బిడ్డ పుట్టాక మూత్రపిండాల స్కానింగ్ ఒకటి చేయించాలి, కానీ మొదటి రెండు రోజుల్లో వద్దు. అప్పుడే పుట్టిన బిడ్డ మూత్రం తక్కువగా పోస్తుంది, ఉబ్బు ఉన్నా లేనట్లు కనిపిస్తుంది. 48 గంటలు దాటాక, నెలలోపు ఒకటి. ఆ తర్వాత ఒకటి నుంచి ఆరు నెలల మధ్య ఇంకొకటి. రెండూ బాగుంటే అంతటితో సరి. ఇంటికి పోయే హడావుడిలో చాలామంది ఇది మరిచిపోతారు. పురిటి ఫైలు అట్ట మీదే రాసి పెట్టుకోండి.

అవయవాల సైజు అన్నారు కాబట్టి మిగతావాటి సంగతీ కొంచెం చెబుతాను. అన్ని అవయవాలనూ ఒకే రకంగా కొలవం. చిన్నమెదడు అడ్డుకొలత చూడముచ్చటైనది: 15 నుంచి 22, 23 వారాల దాకా ఎన్ని వారాలో దాదాపు అన్ని మిల్లీమీటర్లు. మీ టిఫా నివేదిక తీసి చూడండి, 20వ వారమైతే 20 దగ్గరే ఉంటుంది. బిడ్డకు ఆహారం తగ్గినా చిన్నమెదడు చివరి దాకా పట్టువిడవకుండా పెరుగుతుంది. మెదడులోని నీటి గది దీనికి వ్యతిరేకం, అది వారాలతో పాటు పెరగదు. ఐదో నెలలోనైనా తొమ్మిదో నెలలోనైనా 10 మిల్లీమీటర్లలోపే ఉండాలి. గుండె ఛాతీ వైశాల్యంలో దాదాపు మూడో వంతు ఆక్రమిస్తే సరి. అక్కడ అంకెకన్నా నాలుగు గదులు, కవాటాలు, రక్తం పారే దిక్కు ముఖ్యం. జీర్ణాశయానికి కొలత అంటూ లేదు, నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. ఉందా, సరైన వైపున ఉందా అని చూస్తాం. ఊపిరితిత్తులను మామూలుగా కొలవం. పొట్టకూ ఛాతీకీ మధ్య పొరలో రంధ్రం ఉండి పేగులు పైకి వెళ్లిన బిడ్డల్లో మాత్రం, మిగిలిన ఊపిరితిత్తిని తల చుట్టుకొలతతో పోల్చి, పుట్టాక ఎంత ఊపిరి పీల్చుకోగలదో అంచనా వేస్తాం. ఆ కొలత తీసేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడరు.

ఇవన్నీ కొలవగలుగుతున్నామంటే దాని వెనక ఒక ఓడరేవు నగరం ఉంది. 1955లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు, ఆపరేషన్‌లో తీసిన గడ్డలను కారులో పెట్టుకుని ఒక బాయిలర్ల కర్మాగారానికి వెళ్లి, లోహంలో పగుళ్లు పట్టే యంత్రంతో పరీక్షించి చూశారు. 1958లో తొలి చిత్రాలు ప్రచురించారు. 1973లో అదే నగరంలో హ్యూ రాబిన్సన్ మూడో నెల బిడ్డ పొడవు కొలిచి వయసు చెప్పే పద్ధతి ఇచ్చారు. మీ 58 మిల్లీమీటర్లు ఆ పద్ధతి నుంచి వచ్చినవే. 1975లో స్టువర్ట్ క్యాంప్‌బెల్ పొట్ట చుట్టుకొలతతో బరువు అంచనా కట్టవచ్చని చూపించారు. అంతకుముందు తల్లి పొట్ట మీద చేయి పెట్టి, టేపుతో కొలిచి చెప్పడమే. టేపును ఇప్పటికీ తీసిపారేయలేదు. మీ ఊరి ఏఎన్ఎం కొలిచే గర్భాశయపు ఎత్తు కూడా నెలనెలా రాయించుకోండి. అది పెరగకపోతేనే చాలామంది తల్లులు గ్రోత్ స్కాన్ దాకా వస్తారు.

డాప్లర్‌కు వెళ్లేటప్పుడు 12 వారాల నివేదిక, టిఫా, నిన్నటి నివేదిక ఫోటోలతో సహా మూడూ తీసుకెళ్లండి. నిన్నటి దాని మీద ఉన్న కొత్త ప్రసవ తేదీని పెన్నుతో కొట్టేసి పాతది రాయమని మీ డాక్టర్ గారినే అడగండి. 35 వారాల స్కానింగ్ అయ్యాక పొట్ట చుట్టుకొలత ఎంత వచ్చిందో నాకు తప్పకుండా రాయండి, వారాల్లో కాదు, మిల్లీమీటర్లలో.